మందుల సేఫ్ మొరాయించిన పూట

సేఫులు బిగించి, బాగుచేసే పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "సార్, కోడ్ కొడితే బీప్ అంటాంది గని తలుపు వస్తలేదు, ఏం జెయ్యాలె?" అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. రిటైరయ్యాక కూడా మనతో ఎవరికో పని ఉండడం బాగానే ఉంటుంది. మా ఆవిడకు మాత్రం ఈ ఫోన్లు నచ్చవు. జీతం ఆగినా పని ఆగలేదని ఆమె బాధ.

ఆ పిల్లల్లో ఒకడు మొన్న వేరే సంగతి అడిగాడు. "ఇన్నేండ్లల్ల మీకు బాగ గుర్తున్న తలుపు ఏది సార్?" అన్నాడు. ఏ బ్యాంకు స్ట్రాంగ్ రూమో, ఏ నగల దుకాణమో చెబుతాననుకుని ఉంటాడు. నాకు గుర్తొచ్చింది హనుమకొండ శివారులోని ఒక చిన్న ఆశ్రమంలాంటి దవాఖాన. ఫోన్లో అంతా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాది రఘునాథపల్లి దగ్గరి పల్లె. సేఫుల కంపెనీ వరంగల్ బ్రాంచిలో మెకానిక్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. చేరిన రోజుల్లో అన్నీ తాళంచెవుల సేఫులే. చెవి తిరగకపోతే నూనె, అదీ కాకపోతే ఆకురాయి. తర్వాత అంకెల మీటల సేఫులు వచ్చాయి. వాటితో పాటు సెట్టింగులూ వచ్చాయి. తలుపు ఏ గంట నుంచి ఏ గంట దాకా తెరుచుకోవాలి, కోడ్ కొట్టాక ఎంతసేపు ఆగి తెరుచుకోవాలి, ఒకరి కోడ్ చాలా ఇద్దరివీ కావాలా, తలుపు తీసి మరిచిపోతే ఎప్పుడు కూత పెట్టాలి - అన్నీ ముందే చెప్పిపెట్టాలి. తాళంచెవి సేఫ్‌ను బతిమాలుకోవచ్చు. ఎలక్ట్రానిక్ సేఫ్ బతిమాలితే వినదు. మనం మొదట ఏం చెప్పామో దాన్నే పట్టుకుని కూర్చుంటుంది.

ఆ దవాఖాన కేన్సర్ ముదిరి, ఇక పెద్దాసుపత్రుల్లో చేసేదేమీ లేదని పంపించేసినవాళ్ళ కోసం. వైద్యం అని పెద్దగా ఉండదు. నొప్పి తెలియకుండా చూసుకోవడమే అక్కడి పని. దాన్ని కట్టించింది వరంగల్ బజారులో బట్టల దుకాణం ఉన్న ఒక పెద్దాయన. అందరూ సేటు అనేవారు. వాళ్ళమ్మ చివరి రోజుల్లో పడిన నరకం చూసి, అమ్మ పోయాక ఆ పనికి పూనుకున్నాడట. దాన్ని నడిపించేది మాత్రం హెడ్ సిస్టర్. నర్సంపేట వైపు ఆమె. సన్నటి మనిషి, గొంతు మాత్రం వరండా ఆ చివరిదాకా వినిపించేది.

నొప్పికి వాళ్ళిచ్చే మందు మార్ఫిన్. దాన్ని మామూలు బీరువాలో పెట్టకూడదు. అప్పటికి కొన్ని నెలల ముందు ఒక మాత్రల పట్టీ కనపడకుండా పోయిందట. ఎవరు తీశారో తేలలేదు. తనిఖీకి వచ్చిన అధికారులు, మళ్ళీ ఇలా జరిగితే మందు ఉంచుకునే అనుమతే రద్దు చేస్తామన్నారు. అందుకే సేటు మా దగ్గర సేఫ్ కొన్నాడు.

బిగించిన రోజు నాకు బాగా గుర్తుంది. నేను సెట్టింగులు పెడుతుంటే ఒక పక్క సేటు, ఇంకో పక్క సిస్టర్.

"బ్యాంకులల్ల ఎట్ల పెడ్తరో గట్లనే పెట్టు. రెండు కోడ్‌లుండాలె. పొద్దుగూకినంక తలుపు రావద్దు" అన్నాడు సేటు.

"ఇది బ్యాంకు కాదు సేటూ. మా దగ్గర నొప్పి టైం జూసుకొని వస్తదా?" అంది సిస్టర్.

"వస్తదో రాదో నాకు ఎరికే సిస్టరమ్మా, మా అమ్మను జూసిన. గని ఇంకొక్క పట్టీ పోయిందంటె పర్మిషనే పోతది. అప్పుడు అందరికీ బందు."

ఇద్దరి మాటా న్యాయమే. చివరికి ఇద్దరూ ఒక రాజీకి వచ్చారు. పగటిపూట ఇద్దరి కోడ్‌లతో తెరుచుకుంటుంది. సాయంత్రం నుంచి తెల్లారేదాకా తెరుచుకోదు. రాత్రికి కావలసిన మోతాదులు పొద్దుండగానే తీసి, రాత్రి డ్యూటీ సిస్టర్ దగ్గర చిన్న పెట్టెలో ఉంచుతారు. వేళ కాని వేళ తెరిచేందుకు ప్రత్యేకంగా ఇంకో కోడ్ పెట్టుకోవచ్చని నేను చెప్పాను. సేటు వద్దన్నాడు. "ఆ కోడ్ ఎవని చేతిల పడ్తదో. మల్ల అదే కథ." సిస్టర్ కూడా కాసేపు ఆలోచించి, వద్దులే అంది. ఆ పట్టీ పోయినప్పుడు తన వాళ్ళందరినీ దొంగల్లా నిలబెట్టి అడిగారట. ఆ అవమానం ఆమె ఇంకా మరిచిపోలేదు.

అలా బాగానే నడిచింది. బ్యాటరీలు మార్చేందుకు ఒకసారి, రాత్రి మోతాదులు తీసిపెట్టేశాక, మా ఆఫీసు నుంచి నా తోటి మెకానిక్ వెళ్ళాడు. అతను నాకంటే కొద్దిగా చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. బ్రాంచిలో అతనంత చకచకా పనిచేసేవాడు లేడు. ఒక చోట స్క్రూ బిగిస్తూనే ఇంకో చోటికి ఫోన్లో వస్తానని చెప్పే రకం. ఈల వేస్తూ పని చేసేవాడు. ఈల ఆగిందంటే ఏదో చిక్కొచ్చిందని మాకు అర్థమయ్యేది.

అతను బ్యాటరీలు మార్చి వచ్చిన మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు వచ్చి చాయ్ గ్లాసు అందుకున్నానో లేదో సిస్టర్ ఫోన్.

"అన్నా, తలుపు వస్తలేదు. ఇద్దరం కొట్టినం, మల్ల మల్ల కొట్టినం. రాత్రి పెట్టె ఖాళీ అయింది. జర జల్ది రాన్రి."

ఆమె గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. చాయ్ అక్కడే పెట్టేసి నేనూ నా తోటివాడూ బండెక్కాం.

వరండాలోకి అడుగు పెట్టగానే వినిపించింది. అరుపు కాదు. ఊపిరి పీల్చినప్పుడల్లా పళ్ళ సందుల్లోంచి వస్తున్న ఒక సన్నటి మూలుగు. మందుల గది పక్కనే ఆడవాళ్ళ వార్డు. తలుపు దగ్గరి మంచం మీద ఒకామె ఒత్తిగిలి పడుకుని, మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని ఉంది. ఆమెది కేసముద్రం వైపు. మార్కెట్ యార్డులో గింజలు చెరిగే పని చేసేదట. రోగం ఎముకల్లోకి పాకింది. ఆమె భర్త, ఆ యార్డులోనే హమాలీ, కాళ్ళ దగ్గర కూర్చుని ఆమె పాదాలు పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆ మందు మీద ఉన్నవాళ్ళు ఇంకా కొందరున్నారు గానీ, అందరికంటే ముందు మోతాదు వేళ దాటింది ఈమెకే.

నా తోటివాడు ముందు వెళ్ళి కీప్యాడ్ నొక్కాడు. దాని మీద చిన్న తెర ఉంటుంది. వెలిగింది. అతని ఈల ఆగిపోయింది.

"అన్నా, ఇటు సూడు."

బయట ఎండ చురుక్కుమంటోంది. తెర మీద మాత్రం రాత్రి అని ఉంది. బ్యాటరీలు మార్చాక గడియారం సరిచేసేటప్పుడు పగలును రాత్రిగా పెట్టాడు. గంటలు, నిమిషాలు సరిగ్గానే ఉన్నాయి. పూట ఒక్కటే తారుమారు. సేఫ్ దాని లెక్క ప్రకారం నిజాయితీగా రాత్రి కాపలా కాస్తోంది.

"నేనే అన్నా. నిన్న నేనే పెట్టిన" అన్నాడు. సిస్టర్ వైపు తిరిగి, "నేనే జేసిన సిస్టరమ్మా" అన్నాడు మళ్ళీ.

"తిట్టుడు తర్వాత జూద్దాం. ముందుగాల తలుపు తియ్యున్రి" అంది ఆమె.

అక్కడే అసలు చిక్కు. మూసి ఉండాల్సిన వేళల్లో ఆ సేఫ్ తన గడియారాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదు. దొంగ వచ్చి గడియారం తిప్పి తెరవకుండా పెట్టిన ఏర్పాటు అది. బ్యాటరీలు ఊడదీద్దామంటే అవీ తలుపు లోపలి వైపే. మేమిద్దరమూ ఇప్పుడు దాని దృష్టిలో దొంగలమే. దానికి తెల్లారాలంటే మాకు పొద్దుగూకాలి. సాయంత్రం దాకా ఆగితే తలుపు ఖాయంగా వస్తుంది. ఆగలేకపోతే డ్రిల్ పెట్టి తొలచాలి.

"ఎంతసేపట్ల అయితది?" అంది సిస్టర్.

దాచకుండా చెప్పాను. సరైన చోట పడితే మధ్యాహ్నం లోపే అయిపోతుంది. డ్రిల్ కొద్దిగా పక్కకు పోతే, లోపల ఇంకో గడియ దానంతటదే పడిపోతుంది. అది పడిందంటే సాయంత్రం గడియారం ఒప్పుకున్నా తలుపు రాదు. హైదరాబాద్ నుంచి మనుషులు వచ్చి తలుపే కోయాలి.

"నీకు నమ్మకమున్నదా అన్నా?"

"ఉన్నది. గని పూర్తిగ ఉన్నదని చెప్పలేను."

ఆమె నా ముఖం కేసి చూసింది. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని నాకే అనిపించింది.

అక్కడి డాక్టరు గారు పొద్దున్నే వేరే ఆసుపత్రికి వెళ్ళారు, కొన్ని మాత్రలైనా తెద్దామని. ఆ మందు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలాలంటే బోలెడు సంతకాలు. సంతకం పెట్టే మనిషి మీటింగులో ఉన్నాడని అక్కడి నుంచి ఫోన్ చేశారు. వేరే నొప్పి మందులు అంతకు ముందే ఇచ్చారు. అవి ఆమె నొప్పికి ఏ మూలకూ చాలలేదు.

సేఫ్ సేటుది. ఆయన సరేననందే డ్రిల్ పెట్టడానికి వీల్లేదు. అప్పటికే ఫోన్ వెళ్ళింది. కాసేపటికి దుకాణంలో వేసుకునే తెల్లచొక్కాతోనే స్కూటర్ మీద వచ్చాడు. మందుల గదిలోకి రాలేదు, నేరుగా వార్డులోకి వెళ్ళాడు. ఆమె మంచం దగ్గర కొద్దిసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి ఆ ముఖం వేరేగా ఉంది.

"ఏం జూస్తాన్లు? కొట్టున్రి."

"సేటూ, పక్కకు పోయిందంటె..." అని నేను మళ్ళీ మొదలుపెట్టాను.

"ఆమెనే అడుగుదాం" అంది సిస్టర్. "ఆగేది ఆమె గదా."

నేనూ సిస్టర్ వెనకాలే వెళ్ళాను. మంచం పక్కన వంగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సాయంత్రం దాకా ఆగితే మందు గ్యారంటీగా వస్తుంది. ఇప్పుడే తొలిస్తే మధ్యాహ్నానికి రావొచ్చు. తప్పిపోతే మాత్రం ఇవాళ అసలు రాకపోవచ్చు.

"ఏమంటవు అక్కా?"

ఆమె కళ్ళు తెరిచింది. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"సాయంత్రం శానా దూరమున్నది తమ్మీ. కొట్టున్రి."

నా తోటివాడు ఆఫీసుకు వెళ్ళి డ్రిల్లు, గట్టి ఇనుమును తినే బిట్లు తెచ్చాడు. ఎక్కడ, ఎంత కోణంలో పెట్టామన్నది ఇక్కడ రాయను. పిల్లలూ, అది మీకు పనిలోనే తెలుస్తుంది. మిగతావాళ్ళకు తెలియాల్సిన అవసరం లేదు. గుర్తు నేను పెట్టాను. డ్రిల్ కూడా నేనే పట్టుకున్నాను. వాడు సామాను అందిస్తూ పక్కన నిలబడ్డాడు. బిట్ వేడెక్కకుండా నూనె పోసే పని సేటు తీసుకున్నాడు. వద్దన్నా వినలేదు. నల్లటి నూనె చుక్కలు తెల్లచొక్కా మీద పడుతుంటే తుడుచుకోను కూడా లేదు.

పైరేకు తొందరగానే పోయింది. తర్వాత గట్టి పలక తగిలింది. దాని మీద డ్రిల్ పెడితే వచ్చే శబ్దం మీకు తెలుసు, పళ్ళు పులిసిపోతాయి. పక్క గదిలో అంత బాధలో ఉన్న మనుషుల చెవుల్లో ఈ రొద పోస్తున్నానే అని ప్రాణం ఉసూరుమంది. కాసేపటికి బిట్ మొద్దుబారింది. ఆపి, మార్చడానికి తీశాను. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

గుమ్మం దగ్గర హమాలీ నిలబడి ఉన్నాడు. పొద్దటి నుంచి అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

"సారూ, ఎందుకాపిన్రని అడుగుతాంది."

"బిట్టు మారుస్తాన్న, అంతే. సప్పుడుకు ఆమెకు తక్లీబ్ అయితాందా?"

"లేదు సారూ. సప్పుడు ఇనవడ్తాంటె వస్తాంది వస్తాంది అనుకుంటాంది. ఆపంగనే బుగులు వట్టుకున్నది."

కొత్త బిట్ బిగించాలి, రంధ్రంలోకి లైటు వేసి చూడాలి, కోణం సరిచూసుకోవాలి. ఆ పనంతా చప్పుడు లేకుండా చేసేదే, తొందరపడి చేయకూడనిదీ. నేను ఇంకా ఆలోచిస్తుండగానే నా తోటివాడు సుత్తి తీసుకున్నాడు. సామాను పెట్టెలోంచి ఒక పాత ఇనుప ముక్క తీసి, వార్డు గోడ పక్కన నేల మీద కూర్చుని టక్ టక్ అని కొట్టసాగాడు. దానితో పనేమీ లేదు. ఆమెకు వినిపించడానికే. నేను డ్రిల్ ఆపినప్పుడల్లా వాడు సుత్తి అందుకునేవాడు, నేను మొదలుపెట్టగానే ఆపేవాడు. సిస్టర్ గుమ్మంలోంచి చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గట్టి పలక దాటేటప్పుడు చేతికి తెలుస్తుంది. డ్రిల్ ఒక్కసారి మెత్తగా ముందుకు జారుతుంది. ఆ క్షణంలో చేయి ఆపుకోవాలి, లేకపోతే పడకూడని గడియ పడుతుంది. జారింది. ఆపాను. చెవి తలుపుకు ఆనించి విన్నాను. లోపల ఏదీ పడిన చప్పుడు లేదు. సేటు నూనెడబ్బా పట్టుకుని నా ముఖం కేసే చూస్తున్నాడు.

సన్నటి పుల్లను లోపలికి పంపి గడియను వెనక్కి నెట్టాను. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కదిలింది. పిడి పట్టుకుని తిప్పితే మామూలు రోజుల్లో తిరిగినట్టే తిరిగింది. తలుపు వచ్చింది.

సిస్టర్ ఎప్పుడొచ్చిందో, నన్ను భుజంతో పక్కకు నెట్టి మందు తీసింది. అంత తొందరలోనూ ఇంకో సిస్టర్‌ను పిలిచి, ఇద్దరూ చూసి, సంతకం పెట్టి, అప్పుడే వార్డులోకి పరుగెత్తారు. నేను గోడకు చేరగిలబడి నేల మీద కూర్చున్నాను.

ఇంజక్షన్ పనిచేయడానికి కొంత సమయం పడుతుందట. ఆ సమయమంతా మేం మందుల గదిలోనే ఉన్నాం. చెవులు మాత్రం పక్క గదిలో ఉన్నాయి. మూలుగు కొంచెం కొంచెంగా తగ్గింది. మధ్యమధ్య ఆగింది. తర్వాత వినిపించలేదు. సిస్టర్ వచ్చి, "నిద్రవట్టింది" అంది. సేటు స్టూలు మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

రంధ్రం పూడ్చి, కొత్త తాళం బిగించి, తలుపు తెరిచి ఉండగానే సెట్టింగులు మళ్ళీ పెట్టాం. ఈసారి సేటే మొదలుపెట్టాడు.

"ఆ ఇంకో కోడ్ అన్నవు గదా, యాళ్ళ గాని యాళ్ళ తీసేది. అది పెట్టు. సగం సిస్టరమ్మకు, సగం డాక్టర్‌సాబ్‌కు ఇయ్యి."

"మీకు?" అన్నాను.

"నాకెందుకయ్యా? నాకు మందు ఇయ్యవస్తదా?"

సిస్టర్ నవ్వింది. తర్వాత ఆమె ఒక షరతు పెట్టింది. బ్యాటరీ ఎవరు మార్చినా, తన ముందు తలుపు మూసి, మళ్ళీ తెరిచి చూపించందే ఆ మనిషిని గేటు దాటనివ్వదట. నేను అదే మాట మా బ్రాంచిలో చెప్పాను, రిటైరయ్యేదాకా చెబుతూనే ఉన్నాను. మీకూ చెబుతున్నాను. తెరిచి ఉన్న తలుపు అన్ని సెట్టింగులకూ సరేనంటుంది. మూశాకే దాని మనసులో ఏముందో తెలుస్తుంది.

మా వాడు కొత్త తాళం ఖర్చు తన జీతంలో కోసుకోమన్నాడు. సేటు వినలేదు. "నువ్వు గోడ పక్కన కూసోని సుత్తె కొట్టినవు సూడు, అండ్ల పోయింది" అన్నాడు. వాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

పని పూర్తయ్యేసరికి మూడోజాము దాటింది. సామాను సర్దుకుంటుంటే వార్డులోంచి గొంతు వినిపించింది. ఏమైందోనని అందరం ఒక్కసారి పరుగెత్తాం.

ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో చాయ్ గ్లాసు. ఎదురుగా భర్త, తప్పు చేసినవాడిలా.

"గిదేం చాయ్? నీళ్ళు దాగినట్టున్నది. చక్కెరెయ్యలే?"

"వాళ్ళు ఎంతేస్తే అంతనే ఇస్తరు. నన్నేం జెయ్యమంటవు?"

"అడుగుతె నోట్లె ముత్యాలు రాల్తయా? యార్డుల గూడ గింతె, సగం చక్కెర చాయే తెచ్చిస్తడు సారూ ఈయన. ఏనాడన్న సరిగ తెచ్చిండా!"

"పొద్దటి సంది నా నోట్లె నీళ్ళచుక్క వడలే. నీకు చక్కెర లొల్లి అయితాందా?" అన్నాడతను. గొంతు కోపంగా ఉంది, ముఖమంతా మాత్రం నవ్వే.

పక్క మంచాల వాళ్ళు కూడా నవ్వారు. సిస్టర్ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇగ మొదలైంది మా అక్క" అంది, వరండా ఆ చివరిదాకా వినిపించే గొంతుతో.

నా తోటివాడు కనపడలేదు. ఎక్కడికి పోయాడా అని చూస్తుంటే గేటు బయటి హోటల్ నుంచి వస్తున్నాడు. రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు, ఒక పొట్లంలో విడిగా చక్కెర. ఒక గ్లాసు హమాలీకి ఇచ్చాడు. రెండోది ఆమె ముందు పట్టుకుని పొట్లం విప్పాడు.

"చెప్పక్కా, ఎంతెయ్యాలె?"

"నేను సాలన్నదాక ఎయ్యి" అంది ఆమె.

వాడు వేస్తూనే ఉన్నాడు. ఈల కూడా మొదలైంది.